చుట్టం చీటీ

కొండ మీది గనినుంచి రాతి దిమ్మెలు దించుకొచ్చే లారీలన్నీ సగం దారిలో ఒకచోట ఆగి తీరాలి. గనినుంచి అక్కడిదాకా పదకొండు మలుపులు, అక్కడినుంచి కింద ఊరిదాకా ఇంకో తొమ్మిది. పై పదకొండూ మంచివే. కింది తొమ్మిదే పెంకివి. ఒకటి తిప్పుకుని ఊపిరి పీల్చుకునేలోపు ఇంకోటి మొహం మీదికి వస్తుంది. ఈ రెండు వరసల మధ్య కాస్త చదును నేల ఉంది. అక్కడ రోడ్డుకి అడ్డంగా ఒక ఇనప గొట్టం, పక్కన రేకుల గది, గదిలో ఒక బల్ల, ఒక గడియారం, ఒక చీటీల పుస్తకం, వాటి వెనక నిమిషాలయ్య.

అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదని వేరే చెప్పనక్కర్లేదు. వాళ్ళు పెట్టింది హాజరు పట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది. డ్రైవర్లు పెట్టిందే నిలిచింది. అతను చేసే పనల్లా నిమిషాలు రాయడమే మరి. లారీ వచ్చి ఆగగానే చీటీ మీద వచ్చిన టైము వేస్తాడు. నలభై నిమిషాలయ్యాక వెళ్ళే టైము వేసి, సంతకం గీకి, గొట్టం పైకెత్తుతాడు. పై మలుపులు దిగి వచ్చేసరికి లారీల బ్రేకు డ్రమ్ములు కాలిపోతుంటాయి. అవి చల్లారకుండా కింది మలుపుల్లోకి పోతే ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. ఆ నలభై నిమిషాలూ అందుకు. గొట్టం ఎత్తేముందు అతను చక్రాల మీద నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తాడు. చుయ్‌మందంటే ఇంకాసేపు కూర్చోమంటాడు. డ్రైవర్లు కూర్చుని, పేకాడుకుని, ఒకరినొకరు తిట్టుకుని, చివర్లో అందరూ కలిసి నిమిషాలయ్యని తిట్టి లేస్తారు. కింద ఊరి మొదట్లో ఇంకో గేటు. అక్కడివాడు చీటీ తీసుకుని రెండు టైములకీ తేడా చూస్తాడు. నలభై ఉంటే పొమ్మంటాడు.

ఇక చుట్టం చీటీ సంగతి. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు, కానీ ఆ గేటు దగ్గర పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. ఎరిగున్న డ్రైవరు వస్తాడు. ఇంటి దగ్గర బిడ్డకి జ్వరమో, పెళ్ళాం పురిటి నొప్పులో. పాపం, ఈయన్నెందుకు కూర్చోబెట్టడం అని వచ్చిన టైముని అరగంట వెనక్కి జరిపి రాసి ఇస్తారు. అదే చుట్టం చీటీ. ఇందులో లంచం లేదు. లంచమే అయితే ఇన్నేళ్ళు సాగేది కాదు, పుచ్చుకోనివాడెవడో ఫిర్యాదు చేసి ఉండేవాడు. ఇది అభిమానం. అభిమానం మీద ఫిర్యాదు చేసినవాణ్ణి ఎక్కడైనా చూశారా? అందుకే అది అలా సాగిపోయింది.

నిమిషాలయ్యకి తోడబుట్టింది అక్క ఒక్కతే. ఆమె భర్త ఆ గనిలోనే పద్నాలుగు చక్రాల లారీ తోలేవాడు. ఆయనకీ ఒక పేరు పెట్టారు, ఒకటో గేరు అని. కింది తొమ్మిది మలుపులూ ఒకటో గేరు దాటకుండా దిగేవాడు. వెనక బళ్ళు బారులు తీరి హారన్లు మోగిస్తే, "బతికున్నారు కాబట్టే మోగిస్తున్నారు, మోగించనీ" అనేవాడు. బావమరిది గేటు దగ్గర ఉండగా చుట్టం చీటీకి కరువేముంది? అయినా పందొమ్మిదేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి తీసుకోలేదు.

"చుట్టరికం నాకు నీతోరా, బ్రేకులతో కాదు" అనేవాడు.

ఆ నలభై నిమిషాలూ బల్ల పక్కకి స్టూలు లాక్కుని బావమరిదిని ఏడిపించేవాడు. గొట్టం ఎత్తడానికీ దించడానికీ మనిషెందుకు, బరువు కడితే చాలు కదా అనేవాడు. నీ పొట్ట స్టీరింగుకి అడ్డమొస్తోంది, ముందు దాన్ని ఏదైనా గేటు దగ్గర ఆపు అని నిమిషాలయ్య అంటించేవాడు. మీ అక్క చేతి వంట తింటే తెలుస్తుంది అని బావ, పదిహేనేళ్ళు నేను తిన్నదే నువ్విప్పుడు తింటున్నావని అతను. నిజానికి రోజు మొత్తం మీద నిమిషాలయ్య రాసుకోకుండా గడిపే నిమిషాలు అవే.

ఆ రోజు బావ లారీ వచ్చేసరికి పదకొండున్నర. ఇంజను ఆపి, క్యాబిన్‌లో కూర్చునే ఫోను మాట్లాడి, చెమట తుడుచుకుంటూ రేకుల గదిలోకి వచ్చాడు. మొహం కొంచెం చిన్నబోయి ఉంది.

"అక్కకి ఇవాళ కళ్ళ డాక్టరు కదా బావా?" అన్నాడు నిమిషాలయ్య.

మూడు నెలలుగా ఆమె కుడికంట్లో నీడలు కదులుతున్నాయి. కళ్ళ డాక్టరు ఊరికి నెలకోసారే వస్తాడు, ఒంటి గంటకల్లా పెట్టె సర్దుకుని పోతాడు. ఆమెని దగ్గరుండి తీసుకెళ్తానని బావ మాటిచ్చాడు.

"అవున్రా. పైన లోడు ఎత్తడం ఆలస్యం చేశారు. ఏం చేస్తాం" అంటూ బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏం చేస్తాం ఏంటి? ఇక్కడ కూర్చుంటే పన్నెండుంపావు. నీ ఒకటో గేరుతో దిగేసరికి ముప్పావు. ఇంటికెళ్ళి అక్కని తీసుకుని బయల్దేరేసరికి డాక్టరు ఊరు దాటిపోతాడు."

"వెనక చక్రాలు వాసనొస్తున్నాయిరా. కూర్చుంటాలే. డాక్టరు వచ్చే నెల రాడా?"

"మూడు నెలలనుంచి వచ్చే నెల, వచ్చే నెల. ఆ కన్ను పోయాక తీసుకెళ్తావా? లే బావా, లే."

అంటూనే నిమిషాలయ్య చీటీ రాసేశాడు. వచ్చింది పది యాభై ఐదు, వెళ్ళేది పదకొండు ముప్పై ఐదు. చింపి బావ చేతిలో పెట్టి, భుజం పట్టుకుని స్టూలు మీదనుంచి లేపాడు. బావ చీటీ వంక చూశాడు, బావమరిది వంక చూశాడు.

"పందొమ్మిదేళ్ళ నియమం చెడగొట్టావు కదరా" అని నవ్వి, చీటీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నిమిషాలయ్య చక్రాల మీద నీళ్ళు చిలకరించలేదు. చిలకరిస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టే చిలకరించలేదు. గొట్టం ఎత్తాడు. లారీ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూసి, అక్కకి ఈ నెల మంచి పని చేశాను అనుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆ అనుకోవడం తర్వాత అతన్ని చాలా కాలం వదల్లేదు.

ఇరవై నిమిషాలకి కిందినుంచి హారను వినిపించింది. ఆగి ఆగి కొట్టే హారను కాదు, పట్టుకున్న చెయ్యి తీయకుండా కొట్టేది. కొండ దారిలో దానికి ఒకటే అర్థం. నిమిషాలయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. పరిగెడుతుండగానే హారను ఆగిపోయింది.

ఏడో మలుపు దగ్గర బస్సు కోసం జనం నిలబడే పందిరి ఉంది. లారీ దానిలోకి దూసుకుపోయింది. ఆ సమయానికి అందులో ముగ్గురున్నారు. ముగ్గురూ పోయారు. వాళ్ళలో ఒకామె ఊరి బడిలో డ్రాయింగు మాస్టారి భార్య. బావని క్యాబిన్‌లోంచి బయటికి తీయడానికి సాయంత్రమయింది. జేబులో చీటీ మడత నలగకుండా ఉంది.

డ్రాయింగు మాస్టారి గురించి ఇక్కడ చెప్పాలి. బరువు లారీలు ఆ దారిలో దిగకూడదని, చుట్టూ తిరిగి మైదానం దారిలో పోవాలని ఆయన ఆరేళ్ళుగా అర్జీలు రాస్తున్నాడు. తొమ్మిది మలుపులకీ తొమ్మిది బొమ్మలు గీసి, ఎక్కడ రోడ్డు ఎంత వాలిందో రంగులు వేసి మరీ పంపాడు. రెండు కమిటీలు వచ్చాయి. కార్లలో ఎక్కి, కార్లలో దిగి, దారి బాగానే ఉందని రాసి పోయాయి. కారులో కూర్చున్నవాడికి ఏ దారైనా బాగానే ఉంటుంది. గనివాళ్ళు మాత్రం ఒకే మాట మీద నిలబడ్డారు. నలభై నిమిషాల నిబంధన ఉంది కదా, అది పాటిస్తే ప్రమాదం రాదు, నిషేధం ఎందుకు?

ఇప్పుడు నలుగురు పోయాక మూడో కమిటీ, పెద్ద విచారణ. దానికి రెండు రోజుల ముందు మాస్టారు కొండెక్కి రేకుల గదికి వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. సరిచేసేవాళ్ళు ఇంట్లో లేరు.

"మీ బావగారి చీటీ నకలు తీసుకొచ్చాను" అన్నాడు, కాగితం బల్ల మీద పెట్టి. "నలభై నిమిషాలు ఆగారు. ఒకటో గేరులో దిగారు. ఆయనంత జాగ్రత్తపరుడు ఈ కొండ మీద లేడని అందరూ చెబుతున్నారు. అంత చేసినా బ్రేకులు పోయాయంటే, వాళ్ళ నిబంధన ఎందుకూ పనికిరాదనే కదా. ఆరేళ్ళలో నాకు దొరకని సాక్ష్యం ఇది. పోతూ పోతూ ఆయన ఇచ్చి వెళ్ళారు."

నిమిషాలయ్య నోరు తెరిచాడు. నకలు మీద తన సంతకం చూసి తల వంచుకున్నాడు. మాస్టారు దాన్ని దుఃఖమనుకుని అతని చెయ్యి పట్టుకున్నాడు. దుఃఖమే, కాదనలేం. కానీ అందులో ఇంకొకటి కలిసి ఉంది.

ఆ రెండు రోజులూ అతను కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. నిజం చెబితే ఏమవుతుందో అతనికి స్పష్టంగా తెలుసు. బ్రేకులు చల్లార్చకుండా దిగాడు, గేటు మనిషి దొంగ టైము రాశాడు, తప్పు వాళ్ళిద్దరిది, దారిది కాదు, నిబంధనది అంతకంటే కాదు అని గనివాళ్ళు చేతులు దులుపుకుంటారు. నిషేధం అటకెక్కుతుంది. పందొమ్మిదేళ్ళు జాగ్రత్తగా తోలిన మనిషి ముగ్గుర్ని చంపినవాడిగా మిగిలిపోతాడు. చెప్పకపోతే లారీలు ఆగుతాయి, బావ పేరు నిలుస్తుంది, తన మెడ కూడా నిలుస్తుంది. ఆ మూడోది లేకపోతే మొదటి రెండూ ఎంత హాయిగా ఉండేవో. మంచి పనిలో తన లాభం కూడా కలిసిపోయి ఉంటే, ఏది దేనికోసం చేస్తున్నామో మనకే తెలియదు.

విచారణ బడి హాల్లో జరిగింది. పెద్దవాళ్ళందరూ పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నారు. అక్క మూడో వరసలో ఉంది. గని తరఫు వకీలు చీటీ పైకెత్తి చూపించాడు.

"ఇది రాసింది మీరేనా?"

"నేనేనండి."

"చనిపోయిన డ్రైవరు మీకు సొంత బావ. కావలసినవాళ్ళకి టైము వెనక్కి జరిపి రాసే అలవాటు మీ గేటు దగ్గర ఉందని విన్నాం."

"మా బావ పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అలాంటిది అడగలేదండి."

వెనక నిలబడ్డ డ్రైవర్లంతా అవునవునన్నారు. వకీలు మెత్తగా నవ్వాడు.

"నేనడిగింది అది కాదు. ఇందులో ఉన్న టైములు నిజమేనా?"

నిమిషాలయ్య మాస్టారి వంక చూడలేదు, అక్క వంక చూడలేదు. బెంచీ మీద ఎవరో పిల్లవాడు చెక్కుకున్న గీతల వంక చూస్తూ, "నిజమేనండి" అన్నాడు.

మూడు వారాల్లో ఉత్తర్వు వచ్చింది. పది టన్నులు దాటిన ఏ బండీ ఆ దారిలో ఎక్కకూడదు, దిగకూడదు. గని లారీలు మైదానం దారిలో చుట్టూ తిరిగి పోతున్నాయి. గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు. నిమిషాలయ్యకి ఇప్పుడు నిమిషాలు రాసే పని లేదు, పెద్ద బండి వస్తే వెనక్కి తిప్పి పంపడమే. ఊళ్ళో వాళ్ళు కనిపించినప్పుడల్లా నీ మాట మీదే కదా ఇదంతా జరిగింది అంటారు. టీ కొట్టువాడు గ్లాసు నిండా పోసి ఇస్తాడు. మాస్టారు వీధిలో ఆపి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అలా జరిగిన ప్రతిసారీ నిమిషాలయ్యకి తల తీసేసినట్టుండేది. బస్సు పందిరి మళ్ళీ కట్టారు, జనం మళ్ళీ నిలబడుతున్నారు. ఆ దారిన వెళ్ళినప్పుడు అటు చూసి, పోనీ వీళ్ళయినా బతుకుతారు అనుకునేవాడు. అదొక్కటే అతనికి మిగిలిన ఊరట.

అక్క మాత్రం మాట తగ్గించేసింది. వెళితే భోజనం పెడుతుంది, ఎదురుగా కూర్చుంటుంది, అడిగినదానికి ఊ అంటుంది. ఐదు నెలలు అలా గడిచాయి. ఐదో నెలలో కళ్ళ డాక్టరు వచ్చే రోజున నిమిషాలయ్య సెలవు పెట్టి, సన్నగా పడుతున్న వానలో అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని దిండు గలీబు కుడుతోంది. గుడ్డని బాగా ఎడమ పక్కకి జరుపుకుని, మెడ వంచి చూస్తోంది. కుడికన్నుకి ఇక ఏమీ ఆనడం లేదని తెలిసిపోతూనే ఉంది.

"లే అక్కా. డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"రాను."

"ఒక కన్ను ఎలాగూ పాడుచేసుకున్నావు. రెండోదైనా చూపించుకోవా?"

"వద్దురా. ఈ కళ్ళ పేరెత్తకు నా దగ్గర."

అతను చీర చెంగు పట్టుకుని లాగినంత పని చేశాడు. చిన్నప్పటి చనువు. ఆమె గలీబు పక్కన పడేసింది. గోడతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"ఆ రోజు ఆయన ఫోను చేశారు. పదకొండున్నరకి. ఇప్పుడే గేటు దగ్గర ఆపాను, నలభై నిమిషాలు ఆగి దిగుతాను, ఇవాళ కూడా కుదిరేలా లేదు అన్నారు. నేనేమన్నానో తెలుసా? మీకు నాకంటే ఆ లారీ ఎక్కువ అన్నాను. అని పెట్టేశాను."

బావ క్యాబిన్‌లో కూర్చుని మాట్లాడిన ఫోను అదేనని నిమిషాలయ్యకి అప్పుడు తెలిసింది.

"చీటీలో పది యాభై ఐదుకే వచ్చినట్టుంది. ఆ హాల్లో నువ్వు నిజమేనండి అన్నప్పుడే నాకర్థమైపోయింది. నా మాటకి రోషమొచ్చి నిన్ను బతిమాలి రాయించుకుని ఉంటారు. ఆయన పరువు కోసం నువ్వు అబద్ధమాడావు. ఆ ఫోను సంగతి నేనెవరికీ చెప్పలేదు. చంపింది నేనురా. ఆయన్నీ, పాపం ఆ ముగ్గుర్నీ. ఈ కళ్ళ కోసం."

ఆమె అలా అనుకుంటూ ఐదు నెలలు బతికింది. ఒక్కతే, ఈ రెండు గదుల్లో. నిమిషాలయ్య ఇక్కడ కూడా ఊరుకుంటే సరిపోతుంది. అక్క అతన్ని మంచివాడనుకుంటోంది. లోకంలో ఆమె తప్ప అతనికి ఎవరూ లేరు. ఊరుకుంటే ఆమె మిగులుతుంది. ఆ మాట కూడా అతని మనసులోకి వచ్చింది, రాలేదంటే అబద్ధం.

"బావ నన్ను అడగలేదక్కా" అన్నాడు.

ఆమె తల తిప్పింది.

"కూర్చుంటానన్నాడు. చక్రాలు వాసనొస్తున్నాయి, డాక్టరు వచ్చే నెల వస్తాడులే అన్నాడు. నేనే వినలేదు. అడక్కుండానే రాసి చేతిలో పెట్టాను."

"స్టూలు లాక్కున్నారా?"

"లాక్కున్నాడు."

"కూర్చున్నారా?"

"కూర్చున్నాడక్కా. నేనే లేపాను."

అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. నేను అన్న మాట ఆయన పట్టించుకోలేదు, వినలేదు, కూర్చున్నారు, కూర్చున్నారు అని అదే మాట మళ్ళీ మళ్ళీ అనుకుంటూ ఏడ్చింది. నిమిషాలయ్య ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకోబోతే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మాస్టారికి చెప్పేస్తానక్కా. రేపే చెప్పేస్తాను" అన్నాడు.

"చెప్పకు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "చెబితే నీ గుండె తేలికవుతుంది. ఆ లారీలు మళ్ళీ దిగుతాయి. ఆ పందిట్లో రోజూ జనం నిలబడుతున్నారు. నోరు మూసుకుని బతుకు. పొగిడితే పొగిడించుకో."

"నావల్ల కాదక్కా."

"అవుతుంది. ఐదు నెలలనుంచి నావల్ల కాలేదా?"

ఆమె లేచి, లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని, చెప్పులు బయటికి తీసింది. డాక్టరు దగ్గరికేనా అని అతను అడిగితే అవునంది. పద, నేను తోడొస్తాను అంటే, ఒక్కదాన్నే వెళ్తానంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే అతనికి కొంత ఆశ మిగిలి ఉండేది. అక్క కోపం ఎంతసేపుంటుందో చిన్నప్పటినుంచీ అతనికి తెలుసు. ఇది అది కాదు.

అతను బయటికొచ్చి వీధి చివరిదాకా నడిచాడు. వాన వెలిసింది. సందు తిరగబోతుండగా వెనకనుంచి అక్క గొంతు వినిపించింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆగు."

అతను దాదాపు పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చాడు. ఆమె గుమ్మంలో నిలబడి, అతను మర్చిపోయిన గొడుగు చేత్తో పట్టుకుని ఉంది.

"మళ్ళీ దీని కోసమని రాకు" అని అతని చేతికిచ్చి, తలుపు వేసుకుంది.